తట్ట దించే సోటు

పెదవాల్తేరు దిగువీధిలో
ఎదురెదురు రెండిళ్ళు.
రెండిళ్ళకీ సేపలేసేది నానే.
వంజరం ముక్కలు ఆ గుమ్మంలో, సందువాలు ఈ గుమ్మంలో.

తూరుపేపుది దివాకరంగారిది.
ఎర్రగచ్చు, గుండ్రటి స్తంభాలు,
కిటికీ ఊసల్లో ఇనప పొద్దుపొడుపు,
గుమ్మం నెత్తిన సున్నంతో దిద్దిన ఏడు,
పందొమ్మిదొందల యాభై ఎనిమిది.
వానొస్తే పెంకుల మీంచి నీళ్ళు
మాయన వల ఇదిలించినట్టు జారతాయి.

పడమరేపుది లేఖమ్మది.
బూడిదరంగు, నల్లద్దం, మళ్ళీ బూడిదరంగు.
గోడలోంచి పెట్టెలు పొడుసుకొచ్చినట్టు గదులు.
గేటు తియ్యమంతే గోడ మాటాడతాది.
మొదట్రోజు "ఎవరూ?" అనడిగితే
ఆ గోడకి దణ్ణం పెట్టీసినాను.

ఆ పెద్దాయన ముక్కు సిట్లించి
"పోలమ్మా, అది ఇల్లా, ఫ్రిజ్జా?" అంతాడు.
ఈ పిల్ల ఫోన్లోంచి తలెత్తి
"ఆ ఇంట్లో పగలు కూడా లైటెయ్యాలంట కదా?" అంతాది.
ఆయనకి అవును బాబూ, ఈవిడికి అవునమ్మా.
సేప రుసైతే ఊరంతా నా మాట నమ్ముతాది,
ఇంటి రుసి నాకేటెరుక.

నిజం సెప్పాలంతే
నాను ఇళ్ళని కింద నుంచి సూస్తాను.
నెత్తిమీద తట్టుంతే మేడ కనపడదు,
మెట్టు కనపడతాది.
పదకొండయ్యేతలికి ఏ ఇంటి నీడ ఎంతుంతాదో
కట్టిన మేస్త్రీకి తెలీదు, నాకు తెలుసు.
పెద్దాయన సూరు కింద రెండు తట్టలంత.
లేఖమ్మ గోడకి సూరే లేదు,
అద్దమ్మీంచి ఎండ ఎగిరొచ్చి
కానగర్తల కళ్ళలో పొడుస్తాది,
తట్టలో ఐసు బేగి నీరైపోతాది.

ఐతే పాతదే మంచిదనీదును.
కానీ ఆ అరుగుందే,
పెళ్ళైన కొత్తలో, కడుపుతో ఉన్నప్పుడు
ఓపాలి దానిమీద కూకున్నాను.
పెద్దాయన తల్లి ఏటీ అన్లేదు.
నాను సందు మలుపు తిరిగేలోగా
పసుపునీళ్ళు పొయ్యడం ఇన్నాను.
నీళ్ళ సప్పుడే, మరేటీ కాదు.
ఎర్రగచ్చు అంత సల్లగా ఉంతాదని
ఆ ఒక్కపాలే తెలిసింది.
పెద్దాయన మంచోడే. "కూకో" అంతాడిప్పుడు.
నాకే కాళ్ళు ఒంగవు.

లేఖమ్మకి అరుగు లేదు.
కారెట్టుకునే సోట కుళాయుంది.
"ఇక్కడే కొయ్యి, పైపుతో కడిగెయ్యి" అనీసి
తను కూకునే కుర్సీయే నాకు లాగుతాది.
నల్లరాయి మీద పొలుసు అంటుకుంతే
మర్నాడు ఫొటో తీసి సూపిస్తాది కూడాను.

మా మావ సముద్రమ్మీద ఉన్నప్పుడు
ఒడ్డున గురుతులెట్టుకునేవోడు.
సింహాచలం కొండ నెత్తి కింద
దివాకరంగారి పెంకు ఎరుపు పడితే
అక్కడ అడుగున రాళ్ళు, వలెయ్యకు.
హుద్‌హుద్‌లో ఆ పెంకులు సగం ఎగిరిపోనాయి.
తిరిగి ఏసినవాటికి ఆ ఎరుపు రాలేదు.
ఈలోగా సుట్టూ మేడలు లేసి
కప్పే మునిగిపోనాది.
ఇప్పుడు మాయన సూసేది
పొద్దు పొడిసినప్పుడు తళుక్కుమనే అద్దాన్ని.
ఎవరిదో ఆయనకి తెలీదు. మెరుపుగోడంతాడు.
ఆ గోడ సూసే రాళ్ళు తప్పించుకుంతాడు.
ఈ సంగతి పెద్దాయనకి సెప్పలేదు,
సెప్తే ఆ ముక్కు ఇంకెంత సిట్లుతాదో.

మా ఇల్లు జాలరిపేట మూడో సందు.
పడవకేసిన పచ్చ మిగిల్తే గోడకేసినాం,
గుమ్మానికి గులాబీ.
మా గుంటడు బూడిదరంగెయ్యమన్నాడు.
పొయ్యిలో ఉన్నది సాల్లేదేట్రా అన్నాను.
ఆ పచ్చ సముద్రమ్మీంచి కనపడదు.
ముందు రెండు సందులు అడ్డం.

ఇన్నేళ్ళలో ఆయన గానీ ఈవిడ గానీ
మీ ఇల్లెలాగుంతాది పోలమ్మా అనడగలేదు.
అడిగితే
గులాబీ డబ్బా ఎంతకి బేరమాడినానో
అది కూడా సెప్పుదును.