వెలుగుకీ చప్పుడికీ నడుమ

ఈ రోజు వేట లేదు.
దక్షిణాన రాకెట్టు లేస్తుంది, సముద్రం మీదికి పోవద్దని
నిన్ననే ఫోన్లకు మెసేజీ వచ్చింది.
మైపాడు ఇసకలో బోట్లన్నీ
పక్కకొరిగి పడుకోనుండాయి.

వల అల్లతా నాగూరు మామ అడిగినాడు:
"ఇన్నాళ్ళూ మిషన్లే పొయ్యొచ్చినాయి గదా,
ఇప్పుడు మనిషెందుకంట?
ఆడేమన్నా చేపలుండాయా?"
అందరం నవ్వినాం.

ముగ్గురంట లోపల.
పేపర్లో ఫొటోలు పడినాయి.
ఒకామె నవ్వు
ఫొటో తీసేవాడు చెప్పకముందే మొదలైనట్టుంది.

మా ఏలుమలై పొయ్యిన రోజు ఎవరూ ఫొటో తీయలా.
క్యారేజీలో పులుసన్నం, బీడీకట్ట,
సగం చార్జింగున్న ఫోను.
ఇంజినుకు ఆయిలు మార్చాల.
మార్చాల్సింది నేను.

శవం దొరకలేదు గనక
ఏడేళ్ళు ఆగమన్నారు ఆఫీసులో.
చచ్చిపొయినాడని రాయలేని కాగితాన్ని
వదిన ఏడేళ్ళూ
ఉప్పుజాడీ కింద పెట్టుకొనింది.

నన్నడిగితే వద్దనే అంటా.
కడుపు కోసం పోతే అదొక తీరు,
కడుపు నిండినాక పొయ్యేదాన్నేమనాల?
ఎవరడిగినా ఇదే చెప్పినా ఇన్నేళ్ళూ.
కానీ ఆ రోజు ఇంట్లో బియ్యం ఉండాయి.
"పద్దెనిమిది బారలు దాటితే
నీళ్ళ రంగు మారతాదంటరా,
చూసొస్తా" అన్నాడు వాడు.
ఆ మాట ఆఫీసులో చెప్పలా.
వదినకీ చెప్పలా.

అదిగో,
తాటితోపు మీద వెలుగు లేచింది.
చప్పుడింకా రాలా.
మా ఊరికెప్పుడూ అంతే,
వెలుగు కనపడిన మూడు నిమిషాలకు గాని వినపడదు.
ఈలోగా పైన ఏమైనా అయిపోయుండొచ్చు,
మేమింకా నోళ్ళు తెరుచుకోని చూస్తానే ఉంటాం.

మామ చేతిలో సూది ఆగింది.
వదిన గడపలోకొచ్చింది,
ముంజేతికి చేపపొలుసులతో.
యాడో ఒకడు
నిన్న రాత్రి ఆఖరి బోల్టు బిగించినోడు
ఇప్పుడు తన అరచెయ్యి తనే చూసుకుంటా ఉంటాడు.
వాడి కోసం ఊపిరి బిగబట్టినా.

వచ్చింది చప్పుడు.
రేకులు అదిరినాయి, అరమీద గిన్నె ఒకటి దొర్లింది.
పిలకాయలు కేకలేసినారు.

"ఎప్పుడు తిరిగొస్తారంట?"
అనింది వదిన.
"మూడు రోజులకి."
బొటనవేలితో కణుపులు లెక్కబెట్టుకుంటా
లోపలికి పొయ్యింది.