కళ్ళు కడిగే కుళాయి

రోహిణి కార్తెలో, నేలటూరు ఇసుక మీద,
మధ్యాహ్నం మూడింటికి
పైపులో నిలబడిన నీళ్ళు ఉడుకుతాయి.
అందుకే షిఫ్టు ఎక్కగానే నా మొదటి పని
పచ్చరంగు పలక మీద కాలేసి తొక్కి
కళ్ళు కడిగే కుళాయి వదిలిపెట్టడం.
ముందు తుప్పు వస్తుంది, వెనక సెగ,
తర్వాత గోరువెచ్చన.
ఆ తర్వాత గానీ నీళ్ళు రావు.

"ఎవురి కళ్ళు కడగతావు పెంచలన్నా, రోజూ?"
నవ్వేవాడు కాలేషా,
ముత్తుకూరు నుంచి బండి మీద వచ్చే పిల్లోడు,
కాంట్రాక్టు కింద చేరి నెల కాలేదు.
నేనూ నవ్వేవాణ్ణి.
నీళ్ళు వృథా చేస్తున్నానని
పైనుంచి వచ్చిన కాగితం కూడా నా దగ్గరుంది.

డోసింగు గదిలో పంపు ఇంతే ఉంటుంది, రెండు గుప్పెళ్ళు.
నిమిషానికి నలభైసార్లు టక్కుమంటుంది.
ఏనుగు దూరే పైపులోకి, ఎదురొత్తిడి మీద,
చెంచాడు చెంచాడు కాస్టిక్ నెడుతుంది.
చివర ఉగ్గుగిన్నె ముక్కులాంటి సన్నటి గొట్టం,
ప్రవాహం నడిమధ్యకి చాచి వదులుతుంది.
గోడకి తగలనిస్తే పైపునే తింటుంది గదా.

యాసిడ్ సంగతి వేరు.
పొగ చూపిస్తుంది, ముక్కు మండిస్తుంది,
పోట్లాటకొచ్చే మనిషిలా
వీధి చివర్నుంచే కేకేస్తూ వస్తుంది.
కాస్టిక్ అట్ట కాదు.
చేతి మీద పడితే నున్నగా, జారుగా
సబ్బు రుద్దుకున్నట్టు ఉంటుంది.
అబ్బయ్యా, ఆ సబ్బు
నీ తోలుతో చేసిందే.

ఆ రోజు జాయింటు దగ్గర చెమ్మ.
పంపు ఆపినాం.
గేజీ ముల్లు సున్నా మీద ఉంది.
సున్నా అంటే సున్నాయే అనుకున్నాడు వాడు.
ఆ గేజీ చచ్చి ఎన్నాళ్ళయిందో!
బాగుందని రాసిన పుస్తకంలో సంతకం నాదే.
చెమటకి ముఖం మీది అద్దం పైకి నెట్టుకుని
స్పానరు ఒక్క చుట్టు తిప్పినాడు.

పెద్ద శబ్దమేం రాలేదు.
ఎవరో ఉమ్మినట్టు.

మెడ పట్టుకుని లాక్కుపోయినా. తొమ్మిది అడుగులు,
ఎన్నడో కొలిచి పెట్టుకున్నవే.
నీళ్ళు చల్లగా ఉన్నాయి.
రెప్పలు నా వేళ్ళతో విప్పి పట్టుకున్నా.
రెండో నిమిషానికి, "చాలన్నా, మంట పోయింది" అన్నాడు.
నాలుగో నిమిషానికి వాళ్ళమ్మని పిలిచినాడు.
కసుమూరు మస్తానయ్య మీద ఒట్టు, వదులు, అన్నాడు.
తర్వాత నన్ను తిట్టినాడు,
నాకు తెలియని తిట్లు కూడా.

గడియారం చూసే చెయ్యి ఖాళీ లేదు.
పక్కగదిలో అమోనియా పంపు ఆగలేదు.
దాని టక్కుల్నే లెక్కబెట్టినా.
పదిహేను నిమిషాలకి ఆరువందలు.
నాలుగువందల దగ్గర లెక్క తప్పి
మళ్ళీ మూడువందల నుంచి అందుకున్నా.
పోతే ఎక్కువే పోనీ నీళ్ళు.

నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ
లైటేసి చూసి, ఒకటే అడిగింది:
ఎంతసేపు కడిగారు?

గేజీ విప్పించి నా లాకర్లో పెట్టుకున్నా.
అన్నం క్యారేజీ తీసినప్పుడల్లా కనబడుతుంది,
ముల్లు ఇప్పటికీ సున్నా మీదే.

కాలేషా మళ్ళీ పనికొస్తున్నాడు.
ఎడమకంటికి దీపం చుట్టూ వలయం కనిపిస్తుందంట.
"రాత్రిపూట కృష్ణపట్నం రేవు లైట్లు
బలే ఉంటాయన్నా ఇప్పుడు" అంటాడు.
నన్ను ఓదార్చడానికో,
నిజంగానో.