తగరం తెలుపు

గురువారం, జుమ్మేరాత్ బజార్‌లో
విరిగిన ఫ్యాన్ రెక్కలకూ జత తప్పిన చెప్పులకూ మధ్య
నీలం అంచు పళ్ళెం ఒకటి.
నడుమ ఓ మనిషి. బుంగలా ఉబ్బిన లాగు, వెడల్పు టోపీ,
నోట్లో పిల్లంగ్రోవి లాంటిదేదో.
"జర్మనీ మాల్ అమ్మా," అన్నాడు లయీఖ్ భాయ్.
పోయిన వారం దాన్నే ఇరాన్‌దన్నాడు.

నేను దేశం అడగలేదు.
అంచున పెచ్చు లేచిన చోట బొటనవేలు పెట్టాను.
లోపల ఎర్రమట్టి, మన ఇటుక ఎరుపే.
పైన తెలుపు.
ఆ తెలుపు నాకు తెలుసు.

మా నాయన బాలనర్సయ్య
బేగంబజార్ ఇత్తడి గల్లీ మొగదల
కళాయి పోసేవాడు.
నేలలో గుంట, తోలు తిత్తి, బొగ్గు,
పట్టకారు చివర తిరుగుతున్న గుండిగ.
నవాసారం చల్లితే గుప్పున పొగ,
నాకు గొంతులో గీర,
ఆ పొగలోనే తగరం కడ్డీ ఒక్కసారి తాకించి
దూదితో గిర్రున తిప్పేవాడు.
గిన్నె లోపల తెల్లారేది.
"తెలుపు గిన్నెది కాదు బిడ్డా, పైపైదే.
కానీ పులుసు తాకేది దాన్నే.
అది పోయిన్నాడు కూర చిలుముతది."

పళ్ళెం ఫ్రాన్సుదని తెలియడానికి ఏడాది పట్టింది.
మ్యూజియంలో అద్దాలు తుడిచి తుడిచి
రిటైరైన యాదగిరి చెప్పాడు.
"ఫయాన్స్ అంటరక్కా దీన్ని.
మట్టిని కాల్చి, తగరాన్ని బూడిద చేసి
గాజులో కలిపి పూస్తరు."
తగరాన్ని బూడిద చేసి!
ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

వెనక మూడు చుక్కలు,
బట్టీలో ముక్కాలి మీద నిలబడిన గుర్తులు.
పచ్చి పూత మీద కుంచె పెడితే
అది రంగును తాగేస్తుందట. చెరపడం లేదు, దిద్దడం లేదు.
కాచిగూడ కౌంటర్‌లో
టికెట్ మీద నా స్టాంపు పడ్డట్టే.
అందుకే కాబోలు
పిల్లంగ్రోవి మనిషికి ఒక కన్ను కాస్త పైకి.

ఇప్పుడు ఇరవై మూడు.
బర్కత్‌పురాలో రెండు గదులు,
మేకులు కొట్టొద్దని ఇంటివాళ్ళ ఆన.
కోడిపుంజు పళ్ళెం బియ్యం డబ్బా మీద,
ఏ మందుదో చదవలేని మందుల జాడీ
పోపుల పెట్టె పక్కన.
ముక్కు విరిగిన కూజా.
ఒకదానికి వెనక నాలుగు ఇత్తడి కుట్లు,
ఎవరో, ఎప్పుడో, పారేయలేకపోయారు.
రెండు దొంగవి. తెలిసే ఉంచుకున్నాను.
వాటి పెచ్చులు మరీ పద్ధతిగా ఉంటాయి.

"పింఛనంతా పెంకులపాలు" అంటుంది
మా చెల్లె నీలవేణి.
అంటూనే కోడిపుంజును కొంగుతో తుడుస్తుంది.

దానికీ చెప్పనిదొకటుంది.
స్టీలు బండి గల్లీ గల్లీ తిరిగిన రోజులు.
పాత ఇత్తడికి కొత్త స్టీలు.
నాయన చేత్తో కళాయి పోసిన ఆఖరి గుండిగను
బండివాడి తక్కెట్లో పెట్టింది నేనే.
ఉద్యోగంలో చేరిన మొదటి నెల.
మూడు గిన్నెల క్యారియర్ కావాలి నాకు,
అందరి చేతుల్లోనూ అదే.
నాయన దాని మూత తీశాడు.
బొటనవేలు లోపల చుట్టూ తిప్పాడు,
ఎక్కడ పూత పోయిందో వెతికే అలవాటు.
"దీనికి కళాయి ఎన్నడూ అక్కరలేదు గదా" అన్నాడు.
మెచ్చుకున్నాడో, ఏమో.
నేను అన్నం సర్దుకుని బస్సెక్కాను.

ఆయన చేతి తెలుపు
నా ఇంట్లో ఒక్కటి లేదు.
ఎవరి నాయనలు పూసినవో
ఈ ఇరవై మూడూ.

నిన్న లయీఖ్ భాయ్ ఫోను.
"అమ్మా, తెల్లది ఒకటొచ్చింది.
అంచంతా పోయింది, మట్టి కనబడతాంది.
నీకు పనికిరాదేమో."

"ఎంత కనబడుతోంది?" అన్నాను.