మీటరు చదివినోడి నడక

పొద్దున ఏడింటికి
బార్కస్ మైదానం మూలమీద పోగయినం, పదకొండు మందిమి.
మనిషికి తొమ్మిది వందలు.
మా కోడలు కట్టింది నా పేరు మీద,
"ఇంట్ల కూసోని ఏంజేస్తవ్ మామా, పోయిరా" అని.

దారి చూపే పిల్ల పేరు ఫౌజియా బావజీర్.
నల్ల బుర్ఖా, కాళ్లకు పరుగు బూట్లు,
నడుముకు చిన్న స్పీకర్ డబ్బా.
బ్యారక్స్ అన్న మాట
నోళ్లల్ల నాని నాని బార్కస్ అయిందన్నది.
హద్రమౌత్ నించి ఓడలెక్కి వచ్చి
నిజాం కొలువుల తుపాకి పట్టిన తాతల ముచ్చట చెప్పింది.
అందరు ఫోన్లు పైకి లేపిండ్రు,
పాత కమాను కోసం, దాని మీది పావురాల కోసం.
నేను తల దించిన.

అలవాటు.
జలమండలిల మీటర్లు చదివినోణ్ణి.
పద్దెనిమిదేండ్లు ఈ గల్లీల నేల చూసుకుంటనే తిరిగిన.
ఆ పిల్ల గోడ చూపెడితే
నాకు గోడ కింది డబ్బా యాదికొస్తది:
ఇది మూత ఊడినది,
ఇండ్ల ఓసారి తేలు ఉండె,
ఇది నాలుగేండ్లు ఒక్క అంకె మీదనే నిలబడ్డది,
నేనూ ఏం రాయలె దాని మీద,
ఆ ఇంట్ల ఆరుగురు ఆడపిల్లలుండిరి.

జాంకాయల బండి కాడ ఆగినం.
ఉప్పుకారం రాసిచ్చిండు.
ఒకప్పుడు ఇక్కడంత తోటలే అన్నది ఫౌజియా.
తోటల నీళ్లకు మీటరు లేకుండె, అన్న నేను.
ఎవరూ నవ్వలె.

ఆ తర్వాత హరీస్.
గోధుమలు, మాంసం, తెల్లార్లు కట్టెతోని నూరి
ఏది ఏదో తెల్వకుండ చేసిన ముద్ద,
మీద కాగిన నెయ్యి.
ఆ వాసన నాకు కొత్తదా!
చలికాలం పొద్దుగాల ఏ గేటు కాడ నిలబడ్డా
పరదా సందుల నించి అదే వచ్చేది.
పరదా ఇవతల నేను, నా రిజిస్టరు.
అవతల నించి ఒక చెయ్యి వచ్చి పాత బిల్లు ఇచ్చేది,
ఇంకోసారి మూత పెట్టిన గిన్నె ఇచ్చేది.
"ఖాకే జావ్ భయ్యా."

కడుపు నిండి ఉన్నదని చెప్పిన.
పద్దెనిమిదేండ్లు
నా కడుపు నిండే ఉన్నది.
ఇంటికాడ తెలిస్తే ఏమంటరో అన్న భయం
కడుపునిండ తిన్నోని లెక్కనే కనబడతది, చూసేటోళ్లకు.

గల్లీ చివర అరుగు మీద
గళ్ల లుంగీల ఒక ముసలాయన.
మా గుంపుల కళ్లద్దాల పిలగాడు అడిగిండు,
"చాచా, అరబ్బీల ఒక మాట చెప్పుండ్రి."
"నాకొచ్చిన అరబ్బీ నమాజుకే చాలదు బిడ్డా," అన్నడు తెలుగుల,
"మా తాతది సముద్రం. నాది చాంద్రాయణగుట్ట."

అప్పుడు నన్ను చూసిండు.
"అరే, మీటర్ సాబ్!
నువ్వు పోయినంక వచ్చేటోడు
బండి దిగకుండనే అంకె రాసుకపోతడయ్యా."
ఫౌజియా స్పీకరు బంద్ చేసింది.
ఈ ముచ్చట ఆమెకు తెల్వదు.
ఆయన పేరు నాకూ తెల్వదు.
కనెక్షన్ నంబరు మాత్రం గడగడ చెప్పిన,
ఆయన పడి పడి నవ్విండు.
సాలెహ్ బిన్ అవద్ అట.
ఇన్నేండ్లకు అడిగిన.

లోపలికి కేకేసిండు.
అదే పరదా, ఇంకో చెయ్యి, చిన్న వయసుది.
మూత పెట్టిన గిన్నె.
ఈసారి కూడా నా కడుపు నిండే ఉన్నది,
నిజంగనే, హోటల్ల తినొస్తి.
తిన్న.
నాలిక కాలింది.
హోటల్ దానికన్న ఉప్పు ఎక్కువ.

గుంపు ముందటికి పోయింది,
ఏదో పాత బావి ఉన్నదట.
నేను చెయ్యి కడుక్కొని, ఊరికే,
గోడ మూలకు వంగి డబ్బా మూత లేపిన.
అద్దం మీద మట్టి. బొటనవేలుతోని తుడిచిన.
ఎర్ర ముల్లు మెల్లగ తిరుగుతున్నది.
లోపల ఎవరో
నేను తిన్న గిన్నె కడుగుతున్నరు.