ఇరవైరెండో మొదటి పాఠం

మార్చి నెల, మొదటి గురువారం.
మాంతెవిదేవోలో ఎండ ఇంకా వేసవిదే.
పిల్లల మెడల మీద సముద్రపు ఉప్పు ఆరనే లేదు.
నేను ట్రేలు పరుస్తాను. ఒక్కో ట్రేకి
ఒక గొర్రె మెదడు, ఒక కత్తి, ఒక పట్టకారు,
చుట్టూ నలుగురు.

పరీక్ష రాయని విద్యార్థిని నేను.
ఇరవైరెండేళ్లుగా ఇదే మొదటి పాఠం
సింకు పక్కన నిలబడి, తడి చేతులతో.
ముగ్గురు ప్రొఫెసర్లు మారారు,
జోకు మారలేదు:
"మొన్న ఆదివారం మీ అమ్మమ్మ రావియోలీలో పెట్టింది ఇదే!"
వెనక బెంచీలో ఎవరో ఒకరు తెల్లబోతారు.
ఈసారి తెల్లబోయినవాడు లౌతారో,
పొద్దున పూట మాంసం కొట్టులో పనిచేసేవాడు.
"తూకం వేసి అమ్మాను," అన్నాడు మెల్లగా,
"లోపల ఇన్ని పేర్లున్నాయని తెలీదు."

ఉన్నాయి మరి. భయానికి బాదంగింజట,
జ్ఞాపకానికి సముద్రపు గుర్రమట.
మొదటి ఏడు నేను నిజంగానే వెతికాను గుర్రం కోసం,
కడిగిన నీళ్లలో.

ప్రొఫెసర్ ఇరిగోయెన్ బోర్డు మీద రెండు కొసలు గీసింది.
తాకవు, అంది.
ఒకటి వదులుతుంది. రెండోది అందుకుంటే అందుకున్నట్టు.
మధ్య సందు ఎంతో కూడా చెప్పింది, అన్నీ సున్నాలే.
మినహాయింపులు వచ్చే సెమిస్టరులో.

తర్వాత ఎడమ పక్కన పట్టకారు ఆనించి
"మనిషికైతే మాట ఇటువైపు" అంది.
పది క్షణాలు. స్లయిడు మారింది.

నాకు మారలేదు.
మా చెల్లెలు దెల్మీరాకి నాలుగేళ్లుగా ఒక్కటే మాట: మంగళవారం.
ఆకలేస్తే మంగళవారం.
కిటికీ తెరవమని మంగళవారం.
కోపమొస్తే అదే, కాకపోతే
ఏడు రోజులూ ఒక్కసారే పగిలినట్టు.
సాయంత్రం సొరబుర్రలో మాతే ఆకు నింపి
వేడినీళ్లు పోసి అందిస్తాను.
వేళ్లు వేళ్లని తాకవు,
బుర్ర మాత్రం చేతులు మారుతుంది.
తాగి, తల ఊపి, తిరిగి ఇస్తుంది.
ఇంకా పొయ్యమనా, చాలనా,
అందుకుంటే అందుకున్నట్టు.

గది ఖాళీ అయింది. లౌతారో ఒక్కడే ఉండిపోయి
కత్తులు తుడిచి వరసగా పెట్టాడు,
కొట్టులో అలవాటు కాబోలు,
మొనలన్నీ గోడవైపు.
"తర్వాతి క్లాసు ఎప్పుడండీ?"

చెప్పాను.
నా నోట్లో ఆ మాట చాలాసేపు ఉండిపోయింది.
అతను పుస్తకం తెరిచి
మామూలు రోజు పేరులాగే రాసుకున్నాడు.