చివరి వరుసకి చేరిన మాట

మా మిల్లులో ఒకే కప్పు కింద ఎనిమిది వందల ఆవిరి మగ్గాలు.
పిడుగు పడినా పక్కవాళ్ళు చెబితేనే తెలియాలి,
చెప్పడానికి గొంతు పనికిరాదు.
అందుకని మా ఆడవాళ్ళు పెదవులతో మాట్లాడేవాళ్ళు,
నోరు సాగదీసి, ముఖమంతా మాట చేసి.
నాడె కన్నంలోంచి దారాన్ని పీల్చి పీల్చి
ముందుపళ్ళు పోయిన నోళ్ళు అవి.
పెళ్ళిళ్ళు ఆ నోళ్ళలోనే కుదిరేవి.
మేస్త్రీ మీద జోకులు పేలేవి,
మేస్త్రీ ఎదురుగానే.

నాకప్పుడు పదేళ్ళు. పొద్దున మిల్లు, మధ్యాహ్నం బడి.
బడిలో నేర్చుకున్నది కూర్చుని నిద్రపోవడం.
చదవడం మాత్రం మిల్లులోనే వచ్చింది,
మా అమ్మ పెదవుల్ని.

ఆ ఏడు కూలీలో పదోవంతు కోసేశారు.
వారం తిరక్కుండా ఆంబ్రోస్ ఫెయిర్‌క్లఫ్ గారు రైలు దిగారు,
పత్రికల్లో బొమ్మ పడే మనిషి.
టోపీ తీస్తే నుదురు కొత్తగా సున్నం కొట్టిన గోడ,
దాని కింద రొమ్ము దాకా గడ్డం.
రాతిగని పక్క బీడులో బొగ్గుబండి ఎక్కి నిలబడ్డారు.
మూడు వేలమంది. ఎదురుగాలి.
ముందు వరుసలు దాటి ఆయన గొంతు రాలేదు.
వచ్చినా మాలో సగం మందికి చెవులెక్కడివి?
మగ్గాలు ఎప్పుడో తినేశాయి.
చెవిటివాళ్ళ ముందు శంఖం, అచ్చంగా.

గొంతు ఆగిపోయిన చోట మా అమ్మ ఉంది, టమార్ ఆర్మరాడ్.
ఆయన పెదవులు చూసింది,
వెనక్కి తిరిగింది,
నోరు సాగదీసి కెజాయాకి అందించింది.
కెజాయా హోల్డెన్ అక్కచెల్లెళ్ళకి,
వాళ్ళు నేనెరగని శాలువాలకి.
గని గోడ మీద కాళ్ళు వేలాడేసుకుని
నేను రెండు చివరలూ చూస్తున్నాను:
ఒక్కో ముఖం తిరిగి మరో ముఖంలోకి
మాట పేకలా నడిచిపోతోంది,
చప్పుడు లేకుండా.

ఆయనన్నది:
"ఓర్పు పట్టండి. యజమానులూ మనుషులే."
గడ్డం చాటున పెదవులు సగమే కనబడతాయి కదా,
మిగతా సగం అమ్మ నింపింది.
"మనమూ మనుషులమే."
కెజాయా దానికి తన కూతురి వేలు కలిపింది,
బెల్టు లాక్కుపోయిన చిటికెన వేలు.
హోల్డెన్ చిన్నది మరుగుదొడ్డికి పోతే కోసే అణాపైసలు కలిపింది.
ఎవరో పాలు కలిపారు, ఎవరో అద్దె,
ఎవరో ఏమీ కలపలేక కళ్ళు తుడుచుకుని
అదే అందించారు.
చివరి వరుసకి చేరేసరికి అది చిన్నదైంది:
"రేపు ఎవరం వెళ్ళం."

ఆయన ఇంకా ఓర్పు దగ్గరే ఉన్నారు.
చివరి వరుస టోపీలు ఎగరేసింది.
ఆ కేక గాలివాటున ఆయన్ని చేరింది.
తనకే అనుకుని, పాపం,
గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగారు.

పదకొండు వారాలు.
దురదగొండాకు చారు, అమ్మేసిన గడియారాలు.
కెజాయా మూడోనెల పసివాడు నిలవలేదు.
కోసినదాంట్లో సగం వెనక్కిచ్చారు. జరిమానా తీసేశారు.
గెలుపంటారో లేదో నాకు తెలీదు,
బెల్టుకి మాత్రం ఇనపజాలీ వచ్చింది.

ఇరవై ఏళ్ళకి బజారులో ఆయన కంచు విగ్రహం లేచింది.
కింద రాతి మీద ఆయన అన్న మాట:
"మనమూ మనుషులమే."
తెర తీసింది ఆయనే, అప్పటికి ముసలాయన.
కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు.
దాన్ని కాదనలేదు.
ఔననలేదు కూడా.

పూర్తిగా చెవుడొచ్చేసిన మా అమ్మ
జనం వెళ్ళిపోయాక కూడా తల పైకెత్తి
ఆ కంచు ముఖాన్నే చూస్తూ నిలబడింది.
ఏమంటున్నాడని అడిగాను, పెదవులతో.
అమ్మ పళ్ళులేని నోరు సాగదీసి చెప్పింది:
ఏమీ కనబడటం లేదే,
గడ్డం అడ్డం.