తల్లి రొయ్యల గది

రామాయపట్నం హ్యాచరీలో
తల్లి రొయ్యల గదికి కిటికీ ఉండదు.
మోకాటి లోతు ఉప్పునీళ్లలో నిలబడి
ఒక్కోదాని వీపు మీద టార్చి కొట్టి చూస్తా,
నారింజ గీత మందమైందా, గుడ్డుకొచ్చిందా అని.
రానిదాన్ని పక్క తొట్లోకి వేస్తా.
దానికి ఒక కన్ను కాలుస్తారు.
కాలిస్తే ఒంట్లో ఏదో తాళం ఊడుతుందంట.
వారం తిరక్కుండానే గుడ్లు.
ఆ పట్టకారు నేనూ పట్టుకున్నా, ఆరేళ్లు.

నెల తప్పిందంటే
ఊరందరికీ తీపి కబురు.
నాకది జబ్బు పేరు.
పెళ్లైన నాలుగో నెల్లోనే తప్పితే
మా అత్త సుబ్బరత్నం ఉలవపాడు నుంచి
బుట్టెడు పుల్ల మామిడికాయలు తెప్పించింది.
ఆఖరికి ఊరగాయ పెట్టాం.

నెల్లూరు పొగతోటలో డాక్టరమ్మ
తెర నా వైపు తిప్పింది.
అంచు పొడుగునా నల్లటి చిన్న చుక్కలు.
"ముత్యాల దండలాగుంది చూడు" అంది.
దండైతే మెళ్లో ఉండాలి గదా.
అన్నీ ఒకేసారి బయల్దేరి
అన్నీ గుమ్మంలోనే కూలబడ్డాయి.

మూడు నెలలు మాత్రలు మింగా.
మొహంలోంచి సెగలు లేస్తుంటే
ఐసు పెట్టె మూత తీసి తల పెట్టా.
తర్వాత సూదులు.
మందు చల్లగా ఉండాలని
సీడు పంపే థర్మాకోల్ పెట్టెలో పెట్టుకుని
కావలి బస్సెక్కితే
కండక్టరు నవ్వాడు: "సీడా అక్కా? ఎన్ని లక్షలు?"
"ఒక్కటి" అన్నా.

తొమ్మిదో రోజు పదకొండు మిల్లీమీటర్లు.
పదకొండో రోజు పద్నాలుగు.
పదమూడో రోజు జరీనా సిస్టర్
పద్దెనిమిదిన్నర అని గట్టిగా చదివితే
వరసలో కూర్చున్న ఆడోళ్లంతా
తలుపు వైపు చూశారు.
ఎవరూ ఏమీ అనలేదు.
ఒకావిడ జరిగి నాకు చోటిచ్చింది.

ఆ రాత్రి పదకొండింటికి ఆఖరి సూది.
పెంచల ప్రసాదు చేతులు వణికాయి.
వేలు పోసి కొన్న తల్లి రొయ్యను
చుక్క నీళ్లు చిందకుండా ఎత్తే చేతులు.
"నొప్పా?"
"ఊహూ. నువ్వు కళ్లు తెరువు ముందు."

ముప్పయ్యారు గంటలన్నారు.
ఇరవై నాలుగోది నా డ్యూటీలో పడింది.
సూపర్‌వైజరు పట్టకారు చేతికిస్తే
కడుపులో నొప్పని చెప్పి వేరేవాళ్లకిచ్చా.
అబద్ధం కాదు, ఎడమ పక్క సన్నగా లాగుతోంది.
టార్చి వెలుగులో
ఒక్కో తలకీ ఒక్కో ఎర్ర నిప్పుకణిక,
మిగిలిన కన్ను.

టార్చి ఆర్పేసి నిలబడ్డా.
చీకట్లో ఏదో
నా పిక్కను రాసుకుంటూ పోయింది.